పాచికి ఉపవాసం

1

ఈ రోజు నుంచి పాచి తొట్టి బాధ్యత నాది.

తొట్టిని చూసుకునేవాళ్ళు రోజూ దినచర్య రాయాలని గడ్డపాడు నియమం. నాకంటే ముందు ఈ పని చేసిన పార్వతీశం గారు మొన్ననే ఊరి పెద్దగా ఎన్నికయ్యారు. ఎలా రాయాలో నేర్చుకుందామని ఆయన రాసినవన్నీ తిరగేశాను. మొదటి రోజు ‘బాగుంది’ అని ఉంది. మర్నాడు ‘బాగుంది’. ఆయన ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంతే. ఒక్కచోట మాత్రం ‘బాగుంది, నడుం నొప్పి’ అని రాశారు.

నేను వివరంగా రాయదలచుకున్నాను, కాబట్టి పైన వేసే అంకె పుటది, రోజుది కాదు. మా ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి మనిషిని నేనే. ముత్తాతలు దిగిన మొదటి ఊరి దాకా వెళ్ళి చదువుకుని వచ్చింది రోజుకో మాట రాయడానికి కాదు.

ఉదయం మా నాన్న ఇంటింటి మూత్రం కుండలూ బండి మీద పెట్టుకుని తోసుకుంటూ వచ్చాడు. ఇంట్లో నన్ను ‘ఏటే’ అని పిలిచే మనిషి తొట్టి గది గుమ్మంలో ఆగి, చెప్పులు విడిచి, కుండలు తెచ్చామమ్మా అన్నాడు. లోపలికి రమ్మన్నాను. అది ఉద్యోగస్తుల గది అన్నాడు. ఆ ఉద్యోగస్తురాలు నేనే నాన్నా అన్నా వినలేదు.

కుండల్లోది మరుగు గదిలో కాచి, పేరబెట్టి, అడుగున దిగిన తెల్లపొడిని గీకి తొట్టిలో చల్లాను. పాచి ఆ పొడి తిని మాకు గాలి ఇస్తుంది. తొట్టిలోంచి పొర్లిన నీళ్ళు చిక్కుడు మళ్ళకి పోతాయి. చిక్కుళ్ళు మేం తింటాం. చుట్టూ ఉన్న మంచుగడ్డని తవ్వితే నీళ్ళొస్తాయి, ఆ నీళ్ళని విరగ్గొడితే కాస్త ఊపిరొస్తుంది, ఆ పొడిలో ఉండే ఫాస్ఫేట్ మాత్రం రాదు. ముత్తాతలు భూమి నుంచి తెచ్చుకున్న ఆ కాస్తే ఇప్పటికీ కుండ నుంచి కంచానికి, కంచం నుంచి కుండకి తిరుగుతోంది.

పొర్లు నీళ్ళలో చుక్కల మందు వేసి చూశాను. నీలం తిరిగింది. నీలమంటే ఫాస్ఫేట్ ఉన్నట్టు. తొట్టి బాగుంది. ఈ మాట నేను కూడా రాయక తప్పలేదు.

2

మా వదిన చామంతికి నెలలు నిండుతున్నాయి. ఊళ్ళో చాలాకాలానికి ఒక బిడ్డ పుట్టబోతోంది కాబట్టి ఇంటికి చూడవచ్చేవాళ్ళ తాకిడి ఎక్కువగా ఉంది. అమ్మకి ఇది గొప్ప సంతోషం. వచ్చినవాళ్ళు వెళ్ళేముందు మా ఇంట్లో ఒంటికి వెళ్ళి మరీ వెళ్తారు. చుట్టపుచూపుగా వచ్చి ఒంటికి వెళ్ళకుండా లేచిపోతే ఆ ఇంటిని అవమానించినట్టే. అలా చుట్టాలు ఇచ్చినది ఆ ఇంటికే చెందుతుంది. ఈ వారమంతా మా కుండ అంచుదాకా నిండుతోంది. అమ్మ దాన్ని బండిలో పెట్టేటప్పుడు వీధి వీధంతా చూసేలా రెండుసార్లు సర్దుతోంది.

బిడ్డకి ఎముకలు కావాలి. ఎముకలకి ఫాస్ఫేట్ కావాలి. అందుకని పుట్టబోయే బిడ్డకి ఎముకల వాటా అని కొంత తెల్లపొడి ముందే తీసి, సీసాలో పోసి, తల్లి పేరు రాసి ఊరి సంఘం బీరువాలో పెడతారు. వాటా లేకుండా గడ్డపాడులో కాన్పు ఉండదు. ఇదివరకు రోజుకో చిటికెడు చొప్పున తీసేవారట. పార్వతీశం గారు అలా సాగదీయడం ఎందుకన్నారు. కొన్నాళ్ళు తొట్టికి వేయడం ఆపేస్తే సీసా ఒక్కసారే నిండిపోతుంది కదా అని ఆయన ఆలోచన. పెద్దరికం వచ్చాక ఇది ఆయన మొదటి నిర్ణయం.

పాచి తట్టుకుంటుందా అని అడిగాను.

“పాచేటి, సుట్టమేటి, అలగడానికి” అన్నారాయన.

ఆయన చెప్పినన్నాళ్ళూ ఆపాను, సీసా నిండింది. చామంతి అని పేరు రాసి మూత బిగించాను. వదిన దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుని, ఇందులో ముక్కు కూడా ఉంటుందా అని అడిగింది. ముక్కు చివర ఎముక ఉండదని చెప్పాను. అయితే ముక్కు మా వైపుది వస్తుందిలే అంది.

4

పాచి అలిగింది.

తొట్టికి మళ్ళీ ఎప్పటిలా పొడి వేస్తున్నాను. పొర్లు నీళ్ళలో చుక్కలు వేస్తే రంగు రావడం లేదు. మందు పాడయిందేమోనని మా ఇంటి కుండలోది ఒక బొట్టు వేసి చూశాను. ముదురు నీలం. మందు బాగానే ఉంది. తొట్టిలో ఉదయం వేసింది మధ్యాహ్నానికి కనబడడం లేదు.

మళ్ళకి ఫాస్ఫేట్ లేని నీళ్ళు పోతున్నాయి. చిక్కుడు ఆకుల అడుగున ఊదా రంగు తిరిగింది. ఇది మొక్క ఆకలి రంగు. పార్వతీశం గారిని పిలిచి చూపించాను. ఆయన ఒక ఆకు తిప్పి చూసి, రంగొచ్చినాది, సూడ్డానికి బాగున్నాది అన్నారు. పూత రాలిపోతోందని చెప్పాక గానీ ఆయన ముఖం మారలేదు.

7

ఊళ్ళో ఫాస్ఫేట్ తగ్గిందన్న మాట పాకింది. పాకిందని ఎలా తెలిసిందంటే, మా నాన్నకి అందే కుండలు తేలికయ్యాయి. మొదట ఒకరిద్దరి ఇళ్ళ నుంచి సగం కుండలు వచ్చాయి. అది చూసి వాళ్ళ పక్కింటివాళ్ళు కూడా సగమే పంపారు. మిగతా సగం మంచాల కింద మూతలు పెట్టుకుని దాచుకుంటున్నారు. దాచుకున్నది దేనికీ పనికిరాదు. ఎవరి ఇంట్లోనూ మరుగు గది లేదు. అయినా ఉండాలిట, ఇంట్లో ఉంటే ధైర్యంట.

చుట్టరికం కూడా చెడింది. ఎదురింటికి వెళ్ళిన ఆడవాళ్ళు మంచినీళ్ళు ఇస్తే వద్దంటున్నారు. నిన్న సంఘం సమావేశం మా వీధిలోనే జరిగింది. అయిపోగానే ఎప్పుడూ గుమ్మాల దగ్గర ఆగి కబుర్లు చెప్పే పెద్దమనుషులు పొట్టలు బిగబట్టి, మోకాళ్ళు దగ్గరగా పెట్టి, చిన్న చిన్న అడుగులతో ఎవరి ఇళ్ళకి వాళ్ళు పరుగెత్తారు. అందరికంటే ముందు పార్వతీశం గారున్నారు.

ఆ సమావేశంలో రెండు తీర్మానాలు చేశారు.

మొదటిది పాచి గురించి. పాచికి తిండి ఎక్కువై పొగరెక్కింది కాబట్టి ఇకమీదట ఒక రోజు పెట్టి, మూడు రోజులు మాడ్చాలి. అలా చేస్తే పొదుపు నేర్చుకుంటుంది. దీనికి పాచి ఉపవాసం అని పేరు పెట్టారు. పెద్దలు కొందరు తామూ ఆ రోజుల్లో ఒక పూట మానేస్తామని ముందుకొచ్చారు. పాచికి తోడుగానట.

రెండోది మా వదిన గురించి. మళ్ళు కోలుకోకపోతే ఊళ్ళో కాన్పు జరగనివ్వరు. ఇంధనం తెచ్చే మంచుబండి వచ్చినప్పుడు వదిన అందులో మొదటి ఊరికి వెళ్ళి అక్కడే కనాలి. పసిపిల్లలతో మంచు మీద ప్రయాణం చేయనివ్వరు. బిడ్డకి బడి వయసు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే ఉండాలి. అన్నయ్య అసిరయ్య వెంట వెళ్ళే వీలు లేదు. ఊరి కొలిమి వాడి చేతిలో ఉంది, వాడు పోతే వెనకాలే ఊరు గడ్డకట్టిపోతుంది.

తీర్మానం చదువుతున్నంతసేపూ అన్నయ్య నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కొలిమి దగ్గరికి పోయి అవసరం లేకపోయినా మంట పెంచాడు. ఊరంతా చెమటలు పట్టాయి.

9

మొదటి ఊళ్ళో చదువుకున్న పాఠాలన్నీ మళ్ళీ తీశాను. కణాల గురించి ఒక పాఠం ఉంది. పరీక్షలో దాని మీద నాకు మంచి మార్కులే వచ్చాయి కానీ అప్పట్లో అర్థమై రాయలేదు, గుర్తుండి రాశాను. ఇప్పుడు అర్థమైంది. వెంటనే ఎవరికైనా చెప్పాలనిపించింది. వదిన చిక్కుళ్ళు ఒలుస్తూ దొరికింది.

కణం నీళ్ళలో ఫాస్ఫేట్ ఎంత ఉందని చూడదు, తన లోపల ఎంత ఉందో చూసుకుంటుంది అని మొదలుపెట్టాను. కణంలో ఒక ప్రొటీన్ ఉంది. దాని పని కరువొచ్చింది, కరువొచ్చింది అని కేకలెయ్యడం. అది కేకేస్తే కణం గోడకి కొత్త ద్వారాలు మొలుస్తాయి, ఫాస్ఫేట్‌ని లోపలికి లాగడానికి. మామూలు రోజుల్లో ఆ కేకలేసేదాని నోటి మీద ఇంకో ప్రొటీన్ చెయ్యి వేసి ఉంచుతుంది. ఆ చెయ్యి జారకుండా ఒక చిన్న అణువు అంటిపెట్టుకుని ఉంటుంది. కణంలో ఫాస్ఫేట్ సరిపడా ఉంటేనే ఆ చిన్న అణువు తయారవుతుంది. ఫాస్ఫేట్ తగ్గితే అణువు ఉండదు, చెయ్యి జారుతుంది, కేకలు మొదలవుతాయి.

వదిన ఒలవడం ఆపి ఆలోచించింది. వంటగదిలోంచి అమ్మ ఎవరినో ఎందుకో తిట్టడం వినబడుతోంది.

“అయితే మా అత్తలోన ఆ సిన్నది అయిపోనాదన్నమాట” అంది.

నవ్వకూడదని చాలా ప్రయత్నించాను.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. కేకలు లేచాక గోడ నిండా ద్వారాలే. అప్పుడు తిండి కనబడితే కణం తనకి కావలసినంత తిని ఊరుకోదు. అన్ని ద్వారాలూ బార్లా తెరిచి దొరికినంతా లోపలికి లాగేస్తుంది. వాడుకోగా మిగిలినదాన్ని పూసల దండలా గుచ్చి సంచిలో దాస్తుంది. మళ్ళీ మాడ్చితే ఆ దండలు కరిగి, మళ్ళీ భయం పుట్టి, మళ్ళీ ద్వారాలు మొలుస్తాయి. మనం పొదుపు నేర్పుతున్నామనుకున్నాం, నిజానికి కక్కుర్తి నేర్పుతున్నాం. రోజూ కొంచెం కొంచెం, ఆపకుండా పెడితే లోపల ఆ చిన్న అణువు నిండుతుంది, నోరు మూతపడుతుంది, ద్వారాలు తగ్గుతాయి, తినగా మిగిలింది నీళ్ళలో ఉంటుంది.

వదిన చిక్కుడు గింజ ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తూ, అయితే మంచుబండి ఎక్కించేది పాచి కాదు, ఉపవాసం అంది. అవునన్నాను. సంఘానికి చెప్పమంది. ఊరికే చెబితే వినరు, చేసి చూపించాలన్నాను.

రెండు గాజు కూజాల్లో తొట్టి పాచి పోశాను. ఒకదానికి రోజూ కొంచెం పొడి. రెండోదానికి సంఘం చెప్పినట్టు ఉపవాసం.

14

కూజాలు సంఘం ముందు పెట్టాను. రెండింటికీ అందరూ చూస్తుండగా ఒకే కొలతలో పొడి వేశాను. కాసేపు ఆగి నీళ్ళు తీసి చుక్కలు వేశాను. రోజూ తిన్న కూజా నీళ్ళు చక్కటి నీలం తిరిగాయి. ఉపవాసం చేసిన కూజా నీళ్ళు తెల్లగానే ఉండిపోయాయి, అంటే వేసినదంతా మింగేసింది. ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదనుకున్నాను.

పార్వతీశం గారు రెండు కూజాలనూ దగ్గరగా చూశారు. నీలం కూజా మీద వేలు పెట్టారు.

“ఇది సరిగ్గా తినడం నేదు. వొదిలేసినాది. దీనికి జబ్బు సేసినాది” అన్నారు. తర్వాత తెల్ల కూజాని తట్టి, “ఇది సూడు, పళ్ళెం నాకేసినాది. ఉపవాసం వల్ల ఆకలి పుట్టినాది. ఇదీ ఆరోగ్యమంటే.”

సంఘమంతా తలలూపింది. వద్దని మొత్తుకున్నాను. తొట్టి ముందు పనిచేసిన మనిషికి పాచి ముఖం చూస్తే తెలుస్తుందన్నారు. ఉపవాసం పెంచితే ఇంకా మంచిదేమోనన్న సూచన కూడా ఒకరి నుంచి వచ్చింది. కూజాలు మోసుకుని ఇంటికి వస్తుంటే నీళ్ళు చీర మీద ఒలికాయి.

అమ్మ నన్ను తిట్టలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. నాన్న మాత్రం, అంతమంది పెద్దమనుషుల ముందు నువ్వు నిలబడి మాట్లాడావు కదా అని, అదొక్కటే రెండుసార్లు అన్నాడు. వదిన అప్పటికే పెట్టెలో, పాత గుడ్డలతో కుట్టిన చిన్న చొక్కాలు సర్దుతోంది.

15

ఉదయం వదిన తొట్టి గదికి వచ్చింది. చేతిలో సీసా ఉంది, దాని మీద నా చేతిరాతతో చామంతి అని పేరు. సంఘం బీరువా తాళం ఎవరిచ్చారని అడిగాను. తల్లి అడిగితే ఇవ్వాలని నియమం ఉందిట, ఎవరూ ఇప్పటిదాకా అడగలేదంతే.

ఉపవాస తీర్మానం మళ్ళీ చదివాను. సంఘం పొడిని తొట్టికి రోజూ వేయరాదు అని ఉంది. సంఘం పొడి అనే ఉంది. బిడ్డ పొడి గురించి ఒక్క మాట లేదు.

ఈ పొడి రోజూ వేసినా తొట్టి కుదుటపడకపోతే ఏమవుతుందో వదినకి చెప్పాను. సీసా ఖాళీ అవుతుంది. వాటా లేదు కాబట్టి మళ్ళు కోలుకున్నా కూడా కాన్పు ఇక్కడ జరగనివ్వరు. మంచుబండి ఎక్కడం ఖాయమవుతుంది. తొట్టి చాలా పెద్దది, కూజా అంత తొందరగా మాట వినకపోవచ్చు. ఇదంతా నువ్వు బాగా ఆలోచించుకున్నావా అని అడిగాను.

“నువ్వు సదువుకున్నావు కదేటే. నీకు నమ్మకముందా నేదా, అది సెప్పు” అంది వదిన.

పాఠం మీద ఉంది. కూజా మీద ఉంది. నా మీద ఉందో లేదో అప్పటిదాకా నేను చూసుకోలేదు. ఉందన్నాను.

మూత తీసి మొదటి చిటికెడు ఆమే వేసింది.

19

వదిన రోజూ వస్తోంది, రోజూ ఒక చిటికెడు వేస్తోంది. సంఘం తన ఉపవాసం తాను చేయిస్తోంది, వాళ్ళ పొడి వేసే రోజున వేస్తున్నాను. ప్రతి సాయంత్రం చుక్కల మందు వేస్తున్నాను. ప్రతి సాయంత్రం తెలుపే.

ఈ రోజు సీసా బోర్లించి, అడుగు గీకి, నీళ్ళతో కడిగి ఆ నీళ్ళు కూడా పోశాం. రంగు రాలేదు. తొట్టికి ఇంకా కొన్నాళ్ళు ఆగకుండా పెట్టాలి, మా దగ్గర పెట్టడానికి ఏమీ లేదు. కుండలు రోజురోజుకీ తేలికవుతున్నాయి. మంచుబండి మొదటి ఊళ్ళో బయలుదేరిందని కబురొచ్చింది.

అన్నయ్య నాతో మాట్లాడడం మానేశాడు. కోపం కాదు, ఏడ్చేస్తానేమోనని భయం. నేను దినచర్య రాస్తున్నాను కానీ ఏం రాయాలో తెలియడం లేదు. తొట్టి అంచున కూర్చుని ఆ పచ్చటి నీళ్ళలో కణాలు ఎన్ని ఉంటాయో, ఒక్కోదాని లోపల కరువొచ్చిందని ఎలా కేకలేస్తున్నాయో అనుకున్నాను. ఊరి సంగతి కూడా అదే. ఒక్కో ఇంట్లో మంచం కింద ఒక్కో కుండ, మూతేసి.

ఈ మాట ఇంటికొచ్చి అన్నాను. వదిన కుట్టుపని పక్కన పెట్టింది. తర్వాత లేచి అమ్మ దగ్గరికి వెళ్ళి, నాకు సీమంతం చెయ్యవా అత్తా అంది.

20

సీమంతానికి ఊరంతటినీ పిలిచాం. మంచుబండి ఎక్కబోయే పిల్ల, మళ్ళీ ఎన్నాళ్ళకి చూస్తామో అని ఒక్కరు కూడా మానలేదు.

వంట వదినే చెప్పి చేయించింది. గట్టి పదార్థం ఒక్కటీ లేదు. చిక్కుడు చారు, పలచటి అంబలి, చిక్కుడు పాలతో నీళ్ళ మజ్జిగ, మళ్ళీ చారు. తినడానికి ఏదీ లేదేమిటని అడిగినవాళ్ళకి గర్భిణి కోరిక అని అమ్మ చెప్పింది. అన్నయ్య కొలిమి మంట పెంచాడు. ఈసారి కావాలనే పెంచాడు. మా ఇంట్లో ఉక్కబోసింది. దాహం వేసి జనం గ్లాసు మీద గ్లాసు తాగారు.

గాజులు తొడిగి ఆశీర్వదించాక అందరికీ ఒకే ఆలోచన వచ్చింది. పొట్టలు పట్టుకుని గుమ్మం వైపు చూశారు. మొదట లేచినవారు పార్వతీశం గారు. ఏదో అర్జెంటు పనుందన్నారు. వదిన చేతుల నిండా గాజులతో, నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“బాబయ్యా, నా సీమంతానికొచ్చి అలగెల్లిపోతారేటి” అంది. “రేపు నా బిడ్డ అడిగితే ఏటి సెప్పమంటారు? పెద్దాయన మనింట్లో ఒంటికి కూడా ఎల్లనేదు, మనమంటే అంత సులకన అని సెప్పనా?”

పార్వతీశం గారు గుమ్మాన్ని చూశారు, ఆమె పొట్టని చూశారు, తన పొట్ట సంగతి కూడా ఆలోచించుకున్నట్టున్నారు. నేనెక్కడికీ వెళ్ళడం లేదమ్మా, దారెటో అడుగుదామని లేచాను అన్నారు. మా దొడ్డి గది దారి ఆయనకి నా పుట్టుకకి ముందు నుంచి తెలుసు.

ఆయన వెళ్ళాక ఇంకెవరికీ బిగబట్టే అవసరం కనబడలేదు. వరస మా వీధి చివరి దాకా సాగింది. వరసలో నిలబడ్డవాళ్ళు చాలా రోజుల తర్వాత ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకున్నారు. నాన్న కుండ మారుస్తూ, నిండింది తీస్తూ, ఒక్క క్షణం కూర్చోలేదు. కుండల పనిలో ఆయన్ని అందరూ పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి.

సాయంత్రం ఇంకో విచిత్రం జరిగింది. ఎదురింటావిడ సారె ఇవ్వడం మరిచిపోయానంటూ మళ్ళీ వచ్చింది. పైన గుడ్డ కప్పిన పళ్ళెం, పళ్ళెం కింద కుండ. ఇది మాది కాదు, పక్కవాళ్ళు దాచుకున్నది, నేను మాట్లాడి ఇప్పించాను అంది. కాసేపటికి పక్కావిడ వచ్చింది. ఆవిడా అదే మాట చెప్పి ఎదురింటి వైపు చూపించింది. అలా చాలా కుండలొచ్చాయి. ఒక్కటి కూడా తెచ్చినవాళ్ళది కాదు.

ఇంటికి వచ్చిన చుట్టాలు ఇచ్చింది ఇంటిదే, సారె తల్లిదే. సంఘం పొడి ఒక్క రవ్వ కూడా లేదు. మరుగు గదిలో పొయ్యి ఆరకుండా కాచాను.

23

రోజూ ఉదయం, సాయంత్రం తొట్టికి కొంచెం కొంచెం పెడుతున్నాను. ఒక్క పూట తప్పడం లేదు. నిన్న చుక్కలు వేస్తే తెలుపు. ఈ ఉదయం తెలుపు.

ఈ సాయంత్రం గాజు గొట్టాన్ని దీపానికి అడ్డంగా పట్టుకుని చూస్తే అడుగున ఏదో ఉన్నట్టనిపించింది. కళ్ళు తుడుచుకుని చూశాను. అన్నయ్యనీ వదిననీ పిలిచాను, వాళ్ళకి కనబడలేదు. నాన్న గది గుమ్మంలోనే ఉన్నాడు. మా అమ్మాయికి కనబడిందంటే ఉంటుంది అన్నాడు. చెప్పులు విడిచి, ఈసారి లోపలికి వచ్చాడు. మా నలుగురం ఆ గొట్టం చుట్టూ కూర్చున్నాం. అది చాలా మెల్లగా, నీళ్ళలో ఉతికిన పాత రవిక రంగులా, లేత నీలం తిరిగింది.

వదిన నా చేతిలోంచి గొట్టం తీసుకుంది. నువ్వు ఒకసారి గట్టిగా సెప్పు, ఇదేటి రంగు అంది. నీలం అన్నాను. మళ్ళీ చెప్పమంది. నీలం. ఇంకోసారి అడిగేసరికి నాకంటే ముందు అన్నయ్య చెప్పాడు.

26

నీలం ముదిరింది. ఇప్పుడు తొట్టి తనకి కావలసినంతే తిని మిగతాది వదులుతోంది. చిక్కుడు కొసల్లో పచ్చటి కొత్త ఆకులు వచ్చాయి, అడుగున ఊదా లేదు.

సంఘం కూడింది. పార్వతీశం గారు లేచి, ఉపవాసం అద్భుతంగా పనిచేసిందని ప్రకటించారు. పాచికి బుద్ధి వచ్చింది కాబట్టి ఇక ఉపవాసం అక్కర్లేదని, రోజూ కొంచెం కొంచెం పెట్టడం మంచిదని తన అనుభవంతో తెలుసుకున్నానని చెప్పారు. నేను లేవబోయాను. వదిన నా చీర కొంగు పట్టి కూర్చోబెట్టింది. ఆయన ఇంకా మాట్లాడుతున్నారు. బిడ్డ వాటా సీసా ఖాళీ అయిన మాట నిజమే కానీ దాన్ని పూర్వపు పద్ధతిలో రోజుకో చిటికెడు చొప్పున నింపాలని, కాన్పు నాటికి నిండకపోయినా బిడ్డ పెరుగుతుంటే సీసా కూడా పెరుగుతుందని, ఇది కూడా తన ఆలోచనేనని అన్నారు. చామంతి గడ్డపాడులోనే కనొచ్చు.

సంఘం తలలూపింది. వాళ్ళ తలలు ఎటైనా ఊగుతాయని నాకు తెలుసు. ఈసారి అవి ఊగిన వైపు నచ్చింది.

27

మంచుబండి వచ్చి ఇంధనం దించి వెళ్ళిపోయింది. వదిన కోసం ఉంచిన సీటు ఖాళీగా వెళ్ళింది. బండి మంచు మీద మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అన్నయ్య కిటికీ అద్దానికి ముఖం ఆనించి నిలబడ్డాడు, వదిన మనసు మార్చుకుని ఎక్కి ఉంటుందేమోనన్నట్టు. ఆవిడ పక్కనే ఉంది.

ఇంటికి వచ్చాక పెట్టె విప్పి చిన్న చొక్కాలు మళ్ళీ అరలో పెట్టాం. పెట్టెని ఎక్కడ పెట్టాలో తెలియక అమ్మ మంచం కిందకి తోశాను. అది లోపలికి వెళ్ళలేదు. దేనికో తగిలి టంగుమంది. వంగి చూస్తే మూతేసిన కుండ. దాని వెనకాల ఇంకోటి. ఎప్పటినుంచి ఉందో, మూత అంచుకి గుడ్డ చుట్టి గట్టిగా కట్టి ఉంది. ఊళ్ళో కుండలు దాచుకున్నవాళ్ళని ఈ నెలంతా అందరికంటే గట్టిగా తిట్టింది అమ్మే.

నేను, వదిన, అన్నయ్య ముగ్గురం అమ్మ వైపు తిరిగాం. అమ్మ కొంగు సర్దుకుంది.

“ఏటలా సూస్తారు” అంది. “రెండో బిడ్డక్కూడా ఎముకలు కావాలి కదా.”

వదిన మంచం మీద మెల్లగా కూర్చుని, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది.

“ముందు దీన్ని కననీ అత్తా” అంది.